‘అలిపిరి’ : పదనిర్వచన పరిశీలనం

తిరుమల కొండకు కాలినడకన పోయే మెట్లదారి మొదలయ్యే చోటికి అలిపిరి అని పేరు. శేషాచల పాదంలో, పాదాల మండపం పరిసరాల్లో ఉన్న ఈ చోటు యాత్రికుల వాడుకలో ఎంత ప్రసిద్ధమో దాని పేరు అర్థం అంత అస్పష్టం. నాలుగక్షరాల ఈ పదాన్ని తెలుగుగా విడదీస్తే స్థలానికి పొసగే అర్థమేదీ రాదు. అందువల్ల దీనికి ఇతర భాషలనుండి నిర్వచనాలు చెప్పుకోవడం ఆచారమైంది. ఒకే పదానికి పరస్పర సంబంధం లేని భాషలు వేర్వేరు జన్మవృత్తాంతాలు చెప్పుతున్న ఈ సందర్భం, నిర్వచనశాస్త్రం బోధించేవారికి పరిశీలనార్హమైనది.

1. ప్రచారంలో ఉన్న నిర్వచనాలు

అలిపిరికి ప్రధానంగా మూడు నిర్వచనాలు ప్రచారంలో ఉన్నాయి.

మొదటిది ‘అడిప్పుళి’. తమిళంలో ‘అడి’ అంటే పాదం, అడుగుభాగం. ‘పుళి’ అంటే చింత. కొండ అడుగున ఉన్న చింతచెట్టు అని అర్థం. శ్రీవైష్ణవ సంప్రదాయం ఈ చెట్టును భగవద్రామానుజుల చరిత్రతో ముడిపెట్టింది. రామానుజులకు మేనమామ అయిన తిరుమల నంబి కొండదిగి వచ్చి, ఒక సంవత్సరంపాటు ఈ చెట్టునీడలో ఆయనకు రామాయణార్థాలు ఉపదేశించారనీ, ఉపదేశంలో పడి మధ్యాహ్న సేవకు అందుకోలేకపోయానని నంబి చింతించగా స్వామి పాదాలు అక్కడే వెలిశాయనీ సంప్రదాయ కథనం. పాదాల మండపానికి ఈ కథే ఆధారం.

రెండవది ‘అడిప్పడి’. ఇదీ తమిళమే. ‘పడి’ అంటే మెట్టు. అడుగు మెట్టు, మొదటి మెట్టు అని అర్థం. మూడున్నరవేలకు పైగా మెట్లున్న దారి ఇక్కడే మొదలవుతుంది గనుక అర్థం చక్కగా పొసగుతున్నది.

మూడవది ‘అలీ ఫిరే’. అలీ అనే సేనాని సైన్యంతో కొండమీదికి బయలుదేరి ఇక్కడినుండి వెనుదిరిగాడనీ, ‘అలీ తిరిగిపోయాడు’ అనే ఉర్దూ వాక్యమే అలిపిరి అయిందనీ ఈ నిర్వచనం చెప్పుతుంది. ఇందులో ‘అలీ’ అరబ్బీ పదం. ‘ఫిరే’ ఇండో-ఆర్య క్రియ. అంటే ద్రావిడ, సెమిటిక్, ఇండో-ఆర్య భాషావర్గాలు మూడూ ఈ ఒక్క పేరుపై హక్కు చెప్పుకొంటున్నాయి.

2. ధ్వనిసామ్యం ఎంతవరకు ప్రమాణం?

నిర్వచనాల యోగ్యతను తేల్చడానికి ముందు, కేవల ధ్వనిసామ్యానికి ఉన్న విలువ ఎంతో నిర్ణయించుకోవాలి. ‘అలి’ అనే రెండక్షరాలనే తీసుకొందాం. సంస్కృతంలో అలి అంటే తుమ్మెద. తేలు అనే అర్థం కూడ ఉన్నది. అరబ్బీలో అలీ అంటే ఉన్నతుడు. ఎత్తు అనే అర్థం గల ధాతువునుండి వచ్చిన నామం. తమిళంలో అలి అంటే నపుంసకవ్యక్తి. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీలో క్రియకు ముందు చేరే ‘అలి’ ప్రథమపురుష ఏకవచనాన్నీ భూతకాలాన్నీ కలిపి సూచిస్తుంది. ఫిన్లండు దేశపు ఫిన్నిష్ భాషలో ‘అలి’ అంటే కింద, దిగువ. అరబ్బీలో ఎత్తును తెలిపే ధ్వని ఫిన్నిష్‌లో దిగువను తెలుపుతున్నది. ఈ అయిదింటికీ నడుమ జన్యజనక సంబంధం ఏదీ లేదు.

‘పిరి’ సంగతీ ఇంతే. తమిళంలో పిరి అంటే విడిపోవు. ప్రాచీన కన్నడంలో పిరి అంటే పెద్ద. నేటి ‘హిరియ’ దానినుండి వచ్చినదే. ఫిన్నిష్‌లో ‘పీరి’ అంటే వలయం, పరిపాలనా మండలం. ఫిన్నిష్ పదాలను రెంటినీ సమాసంగా కూర్చితే ‘అలిపీరి’ అవుతుంది. దిగువ మండలం అని అర్థం వస్తుంది. కొండ దిగువన ఉన్న చోటికి ఇంతకంటె పొందికైన అర్థం మరొకటి దొరకదు. ధ్వనిలోనూ అర్థంలోనూ మిగిలిన మూడు నిర్వచనాలకంటె ఇదే దగ్గరగా ఉన్నది. అయినా ఫిన్లండు వారు వచ్చి శేషాచల పాదానికి పేరు పెట్టారని ఎవరూ అనరు. ఎందుకనరు? ఆ భాషకూ ఈ నేలకూ సంపర్కం లేదు గనుక. ధ్వనిసామ్యం, అర్థసామ్యం రెండూ కలిసినా నిర్వచనం సిద్ధించదని ఈ ఒక్క ఉదాహరణ చాటుతున్నది.

ఇటువంటి యాదృచ్ఛిక సామ్యాలు భాషాశాస్త్రంలో సుప్రసిద్ధాలు. ఆస్ట్రేలియా ఆదివాసుల ఎంబాబరమ్ భాషలో కుక్కను ‘డాగ్’ అంటారని డిక్సన్ నమోదు చేశాడు. ఇంగ్లీషు పదంతో అది ధ్వనిలోనూ అర్థంలోనూ సరిపోయింది; కాని అది ఆ భాషావర్గపు పూర్వరూపాలనుండి క్రమంగా వచ్చిన దేశ్యపదమే. పారసీకంలో ‘బద్’ అన్నా ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అన్నా చెడు అనే అర్థం. ఆ రెండూ కూడ ఒకదానికొకటి చుట్టాలు కావు.

కాబట్టి ఒక నిర్వచనం నిలవాలంటే నాలుగు పరీక్షలు దాటాలి. ఆ భాషకు ఆ స్థలంతో తగిన కాలంలో సంపర్కం ఉండాలి. ధ్వనిమార్పులకు ఇతర పదాలలో సాదృశ్యం కనబడాలి. పదనిర్మాణం ఆ భాష నామకరణ పద్ధతికి ఒదగాలి. అర్థం స్థలానికి పొసగాలి. ఫిన్నిష్ నిర్వచనం నాలుగవ పరీక్షలో నెగ్గి మొదటి పరీక్షలోనే ఓడిపోయింది. మిగిలిన మూడింటినీ ఇదే ఒరపిడిరాతిపై చూడవలె.

3. ‘అలీ ఫిరే’ : సులభమైన ధ్వని, దుర్బలమైన నిర్మాణం

మూడు నిర్వచనాలలోనూ ధ్వనికి అతి సులభమైనది ఇదే. అలీలోని దీర్ఘం హ్రస్వం కావడం, మహాప్రాణమైన ఫకారం పకారం కావడం, పదాంతంలోని ఎకారం ఇకారం కావడం తెలుగువారి నోట అసహజాలు కావు. పైగా ఈ క్రియ తెలుగువారికి కొత్తది కాదు. ‘ఫిరాయించు’ అనే మన క్రియ దీనికి సంబంధించినదే. ఆ పరిచయం వల్లనే అలిపిరిలోని ‘పిరి’ చెవినబడగానే వెనుదిరగడం అనే భావం స్ఫురించింది.

సంపర్కమూ లేకపోలేదు. నేటి చిత్తూరు, తిరుపతి జిల్లాల ప్రాంతంలో 18వ శతాబ్దిలో అలీ అనే పేరుగల పాలకులు పలువురు సంచరించారు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ 1740లో దామలచెరువు కనుమవద్ద మరాఠాలతో యుద్ధంలో మరణించాడు. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేటలో మరణించాడు. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ పాలన ఆ శతాబ్దిలో దశాబ్దాలపాటు సాగింది.

అయితే చిక్కు ఇక్కడే ఉన్నది. కథలోని అలీ వీరిలో ఎవరు? కథ చెప్పదు. బిరుదు లేదు, వంశం లేదు, సంవత్సరం లేదు, వెనుదిరగడానికి కారణం సైతం చెప్పేవారినిబట్టి మారుతుంది. వ్యక్తి వలన స్థలానికి పేరు వచ్చినపుడు సాధారణంగా ఆ వ్యక్తి స్పష్టంగా ఉంటాడు. ఇక్కడ పేరు ముందుండి, దానికోసం వ్యక్తిని వెదకవలసి వస్తున్నది.

నిర్మాణ పరీక్షలో ఈ నిర్వచనం మరింత దుర్బలం. పారసీక, ఉర్దూ సంప్రదాయంలో స్థలనామాలు నామంపై ఆబాద్, గఢ్, గంజ్, నగర్ వంటి ఉత్తరపదం చేరడం వలన ఏర్పడతాయి. హైదరాబాదు అట్టిదే. మొగలుల కాలంలో ఆదవానికి పెట్టిన ఇంతియాజ్‌గఢ్ అనే పేరూ అట్టిదే. కర్తృపదం, సమాపక క్రియ కలిసిన నిండు వాక్యం స్థలనామం కావడం ఆ పద్ధతికి విరుద్ధం. తెలుగు పద్ధతికీ అది ఒదగదు. మన ఊరిపేర్లలో విశేషణభాగం ముందు, పల్లె, పాడు, కుంట, చెరువు, కొండ వంటి స్థలవాచకం తరువాత రావడం సామాన్య లక్షణం. కడప జిల్లా ఊరిపేర్లపై కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన రాయలసీమ నామాలను ఈ పూర్వోత్తరపద విభాగంతో పరిశీలించడానికి మార్గం చూపింది. అలిపిరి మెట్లదారిపైనే చూడవచ్చు. గాలిగోపురం, తలయేరుగుండు, అవ్వాచారికోన, మోకాళ్ళపర్వతం అన్నీ గోపురాన్నో గుండునో కోననో చూపే పేర్లే. వాటి నడుమ ఒక్క అలిపిరి మాత్రం ఒక వాక్యమని చెప్పడానికి బలమైన సాక్ష్యం కావాలి.

4. ‘అడి’ శబ్దపు బలం

తమిళ నిర్వచనాలు రెంటికీ పూర్వపదం ఒకటే, ‘అడి’. ఇది తమిళానికే పరిమితం కాదు. తెలుగులోని అడుగు, అడి అనే రూపాలు దానికి సజాతీయాలు. సంపర్కం విషయంలో సందేహానికి తావు లేదు. తొల్కాప్పియపు పాయిరం తమిళదేశపు ఉత్తరపుటెల్లగా వేంకటాన్నే చెప్పింది. 1931నుండి దేవస్థానం సంపుటాలుగా ప్రకటించిన తిరుమల తిరుపతి శాసనాలలో అత్యధికం తమిళంలో ఉన్నాయి. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనాలు వాటితో కలిసి ఉన్నాయి. ఈ కొండ రెండు భాషల సరిహద్దున, రెండు భాషల నోళ్ళలోనూ పెరిగినది.

పరిసర నామాలు ఈ సంగతిని బలపరుస్తున్నాయి. ‘తిరుపతి’నే చూడవచ్చు. సంస్కృతం చదివినవారికి పతి అంటే ప్రభువు, భర్త. గ్రీకు, లాటిన్ భాషలలో ఆ పదానికి చుట్టాలున్నాయి. పారసీకంలోని ‘పాదుషా’ శబ్దపు మొదటిభాగం కూడ ఆ వంశానిదే. కాని తమిళంలో పతి అంటే ఊరు, నివాసస్థానం. శ్రీవైష్ణవులు నూటయెనిమిది దివ్యదేశాలనూ ‘తిరుప్పతులు’ అని వ్యవహరిస్తారు. అది శ్రీరంగానికీ కంచికీ కూడ వర్తించే సామాన్యనామం. కాబట్టి తిరుపతి అంటే శ్రీపతి కాదు, పవిత్రస్థలం. ‘తిరుమల’లోని మలకు సంస్కృతంలోని ‘మలం’తో పొత్తు లేదు, అది కొండకు ద్రావిడపదం. తిరుపతి, తిరుమల, అలిపిరి ఒకే యాత్రలో వరుసగా వచ్చే మూడు పేర్లు. మొదటి రెండూ తమిళ ద్రావిడ సమాసాలైనపుడు మూడవదానికి అదే మూలం వెదకడం న్యాయం.

ధ్వనిపరంగా తమిళ నిర్వచనాలు కొంత శ్రమ కోరుతాయి. అడిప్పుళిలోని ద్విత్వ పకారం తెలుగులో సరళం కావడానికి తిరుప్పతి తిరుపతి కావడమే సాక్ష్యం. తమిళ ళకారం తెలుగులో లకారం కావడం నియతం: కళ్ కల్లు అయింది, ముళ్ ముల్లు అయింది. పదమధ్యంలోని ఉకారం తరువాతి ఇకారం ప్రభావాన ఇకారం కావడం తెలుగు స్వభావం: మనుష్య శబ్దం మనిషి అయింది, అడుగు ధాతువు అడిగి అయింది. అడిప్పడిలోని అకారానికీ వెదకు–వెదికి, కదలు–కదిలి వంటివి సాదృశ్యాలు. ఇంతవరకు అన్నీ రాజమార్గాలే.

మిగిలినది హల్లుల సంగతి. క్రమం తప్పని మార్పులు మాత్రమే జరిగి ఉంటే ‘అడిపిలి’ రావాలి, వచ్చినది ‘అలిపిరి’. డకారం ఉన్నచోట లకారం, లకారం ఉన్నచోట రేఫ కనబడుతున్నాయి. డ-లలకు, ర-లలకు అభేదం చెప్పే న్యాయం మన సంప్రదాయంలో ఉన్నది. ఋగ్వేదపు శాకల శాఖలో అచ్చుల నడుమ డకారం ళకారంగా పలకడం వేదపాఠకులకు తెలిసినదే. రెండు హల్లులు చోట్లు మార్చుకోవడం కూడ యాత్రాస్థల నామాలలో అపూర్వం కాదు. వారాణసిలోని ర-ణలు తారుమారై బనారస్ అయింది. అలాగే లకారం ముందుకు జరిగి, వెనుకకు పోయిన డకారం రేఫగా సడలినదని చెప్పవచ్చు. ఇది నియతసూత్రం కాదు, వర్ణవ్యత్యయం. కాని పూర్వదృష్టాంతం ఉన్న వ్యత్యయం.

5. పుళియా, పడియా?

ఉత్తరపదం విషయంలో రెండు రూపాలకూ అర్థబలం ఉన్నది. పదక్రమాన్ని పరిశీలిస్తే ఒక విశేషం తేలుతున్నది. తమిళంలో ‘చింతకింద’ అనడానికి ‘పుళియడి’ అంటారు. మర్రికింద చోటు ‘ఆలడి’. అంటే చెట్టు పేరు ముందు, అడి తరువాత. అడిప్పుళిలో క్రమం తారుమారైనది. కాబట్టి దీనికి ‘చింతచెట్టు అడుగు’ అని చెప్పే అర్థం వ్యాకరణసమ్మతం కాదు. ‘అడుగున ఉన్న చింత’ అనే అర్థమే సరి. ఇక్కడ అడి చెట్టుది కాదు, కొండది. ఈ సవరణతో నామం స్థలానికి మరింత అతుకుతున్నది.

‘పడి’ శబ్దం తిరుమల ఆలయపు వాడుకలో నేటికీ సజీవం. మహాద్వారం పడికావలి, రెండవ ద్వారం నడిమి పడికావలి. గర్భాలయపు గడప కులశేఖరపడి. వేంకటేశుని సన్నిధిలో మెట్టుగా పడి ఉండాలని కోరుకొన్న కులశేఖరాళ్వారు పేరిట అది వెలసింది. కొండ అడుగున అడిప్పడి, కొండపైన కులశేఖరపడి అని జతపరచడం ఆకర్షణీయమే. కాని ఈ సాక్ష్యమే అడిప్పడికి ప్రతికూలంగా పరిణమిస్తున్నది. అర్థం తెలిసిన పదభాగం అరగదు. పడికావలిలోనూ కులశేఖరపడిలోనూ పడి శబ్దం చెక్కుచెదరలేదు. అదే యాత్రలో, అదే భక్తుల నోళ్ళలో, మొదటి మెట్టు దగ్గర మాత్రం పడి ‘పిరి’గా మారడానికి కారణం కనబడదు.

పుళి విషయం వేరు. తమిళంలో పులి వేరు, పుళి వేరు. మొదటిది వ్యాఘ్రం, రెండవది చింత. తెలుగులో ళకారం లకారమై రెండూ ఒక్కటయ్యాయి. పులుసు, పులిహోర, పులిచింత వంటి మాటలలో పులుపు అనే అర్థం మిగిలినా, చెట్టుకు తెలుగువారి పేరు చింత. కాబట్టి అడిపులి అనే మాట తెలుగు చెవికి చింతచెట్టును స్ఫురింపజేయదు. పులిని స్ఫురింపజేస్తుంది, లేదా ఏమీ స్ఫురింపజేయదు. అర్థపు ఊతం పోయిన పదం ధ్వనిలో చెదరడం సహజం. అలిపిరి అంతగా చెదరిన రూపం కావడమే దాని ఉత్తరపదం తెలుగువారికి అర్థం కాకుండాపోయిన పదమని తెలుపుతున్నది. సంప్రదాయ కథనం కూడ చింతచెట్టునే నిలుపుకొన్నది. ఈ రెండు హేతువులవలన అడిప్పుళి పక్షమే బలవత్తరం.

6. నిర్వచనం బోధించేవారి బాధ్యత

యాస్కుడు ఒక్కొక్క పదానికి రెండు మూడు నిర్వచనాలు చెప్పడం ప్రాచ్యవిద్యార్థులకు పరిచితమే. ‘వేం’ అంటే పాపం, ‘కట’ అంటే దహించేది అని వేంకట శబ్దానికి పురాణాలు చెప్పే నిర్వచనం భక్తుని మనసుకు సంబంధించినది; దానిని చరిత్రగా ఎవరూ ప్రయోగించరు. అలీ ఫిరే నిర్వచనం అట్టిది కాదు. అది చరిత్రగా చెప్పబడుతున్నది. ఒక దండయాత్రను, ఒక సేనానిని, ఒక పలాయనాన్ని రెండు అక్షరాల పోలికనుండి సృష్టిస్తున్నది. ఒక ధ్వనిసామ్యాన్ని నమ్మి తేదీలేని యుద్ధాన్ని పాఠంగా చెప్పితే, వినే విద్యార్థి పదాన్ని మరచినా ఆ వైరాన్ని గుర్తుంచుకొంటాడు.

తేదీలున్న చరిత్ర ఇంతకంటె క్లిష్టమైనది. ఆర్కాటు నవాబులకు తిరుమల ఆలయ రాబడిలో భాగం ముట్టేది. వారినుండి ఆ రాబడిపై హక్కు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. 1801లో కంపెనీ ఆలయ నిర్వహణను నేరుగా చేపట్టింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. 1933లో దేవస్థానం పాలకమండలి ఏర్పడింది. నవాబులకూ ఆలయానికీ ఉన్న సంబంధం లెక్కల్లో, కౌళ్ళలో సాగిన దీర్ఘ వ్యవహారం. ‘వచ్చాడు, తిరిగిపోయాడు’ అనే రెండు క్రియలలో అది ఇమడదు.

ఆ కథను తరగతిలో చెప్పకూడదని దీనికి అర్థం కాదు. అర్థం మరచిన పేరును అందుబాటులో ఉన్న భాషతో తిరిగి వెలిగించుకోవాలనే జనుల ప్రయత్నానికి అది మంచి ఉదాహరణ. తమిళం అర్థమయిన కాలంలో చింతచెట్టు కనబడింది. ఆ అర్థం మరుగైన తరువాత, ఫిరాయించడం తెలిసిన చెవికి అలీ వినబడ్డాడు. మొదటిది పేరుకు మూలం, రెండవది పేరు పొందిన అనంతర వ్యాఖ్యానం. రెంటినీ చెప్పవచ్చు, కాని ఏది ఏదో చెప్పి చెప్పాలి.

ఈ పేరు తమిళమూలమని అంగీకరించడంలో తెలుగువారికి కొరతేమీ లేదు. అడిప్పుళిని అలిపిరిగా మలచినది తెలుగు నోరే. ద్విత్వాన్ని సడలించి, ళకారాన్ని లకారం చేసి, నడిమి అచ్చును చివరి అచ్చుతో కలిపి ఈ రూపం ఇచ్చినది తెలుగు ధ్వనిస్వభావమే. పదార్థం తమిళం, పనితనం తెలుగు. స్థలనామాలను బోధించేటపుడు ఈ రెండు భాగాలనూ విడదీసి చూపి, ప్రతి నిర్వచనాన్నీ సంపర్కం, ధ్వని, నిర్మాణం, అర్థం అనే నాలుగు పరీక్షలకూ నిలబెట్టే అభ్యాసాన్ని విద్యార్థులచేత చేయిస్తే, అలిపిరి ఒక్కటే గాక, దాని చుట్టుపట్ల అర్థం మరుగైన మరెన్నో పేర్లకు దారి తెరచుకొంటుంది.